పెద్ద పటేల్ పైజామా

మా పెద్దబాపు పేతురు దర్జీ. ఊరు కనకమామిడి, దుకాణం మొయినాబాద్‌లో రోడ్డు పక్కన. మిషన్ పని చిన్నప్పుడు బోర్డింగ్ బడిలో నేర్చుకున్నాడు. చనిపోయిన మనిషి గురించి రాసేటప్పుడు దైవభక్తుడు, శాంతమూర్తి, చీమకు కూడా హాని చేయనివాడు అని రాయడం మన అలవాటు. నేనట్లా రాయలేను. పెద్దబాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. తన చేతి కుట్టు మీద గర్వం అంతకంటే ఎక్కువ. ఇంకొకరు కుట్టిన చొక్కా వేసుకుని ఎవరైనా ఎదురొస్తే మొహం చూసేవాడు కాదు, కాలరు చూసేవాడు. అయితే ఆ కోపాన్నీ గర్వాన్నీ కూడా మింగేసిన భయం ఒకటి ఎనిమిది నెలల పాటు ఆయనలో కాపురం చేసింది. నేను చెప్పేది దాని గురించే.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో దసరాకు ముందు ఆయనకు మూత్రం బందయింది. ఒక పగలూ ఒక రాత్రీ గిలగిల్లాడాడు. పట్నంలో దవాఖానకు తీసుకుపోతే డాక్టర్లు రబ్బరు గొట్టం వేసి ప్రాణం నిలబెట్టారు. ఆపరేషన్ చేయాలి, దానికి ఇంకా టైము పడుతుంది, అందాకా గొట్టం ఉండాల్సిందే, మూడు నాలుగు వారాలకొకసారి వచ్చి మార్పించుకోవాలి అన్నారు. గొట్టం చివర గాజుసీసా ఒకటి తగిలించి ఇంటికి పంపారు. ఆయనకు అప్పటికి యాభై రెండేళ్లు. సీసా చేతిలో పట్టుకుని బజారులో తిరిగే మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఆయన వారం రోజులు తలుపేసుకుని బట్టలతో కుస్తీ పట్టాడు. ధోతి కట్టి గోచి వెనక్కి దోపితే గొట్టం నలిగి లోపలే నిలిచిపోయింది. లుంగీ కడితే సీసా వేలాడదీయడానికి పట్టు దొరకలేదు, పైగా గాలి వీస్తే గుట్టంతా బజారున పడేట్టుంది. ప్యాంటు తొడల దగ్గర బిగుసుకుంది. చివరికి పైజామానే దిక్కయింది. ముదురు రంగు నూలు గుడ్డ తీసుకున్నాడు, ఒక చుక్క పడినా మరక కనబడదని. కాళ్లు వెడల్పుగా పెట్టాడు. నాడా పొత్తికడుపును నొక్కకుండా నాలుగు వేళ్ల పట్టీ వేశాడు. ఎడమ కాలి లోపల, తొడ దగ్గర, మెత్తటి గుడ్డతో జేబు కుట్టాడు. ఆ జేబులో గాజుసీసాకు బదులు ఫుట్‌బాల్ లోపలుండే రబ్బరు బ్లాడర్ పెట్టాడు. బడి పిల్లలు పారేసినదాన్ని ఉడకబెట్టి, కడిగి, గొట్టానికి కట్టాడు. నడిచినప్పుడు లాగకుండా గొట్టాన్ని కాస్త వదులుగా ఉంచి గుడ్డపట్టీతో తొడకు ఆనించాడు. మోకాలి దగ్గర లోపలి కుట్టు విప్పి, నొక్కితే అతుక్కునే టిచ్ బటన్లు నాలుగు వేశాడు. పైజామా దించకుండానే బటన్లు తీసి సంచి ఖాళీ చేసుకోవచ్చు. పైన మోకాళ్ల దాకా అంగీ. ఇంత చక్కని పని ఆయన జన్మలో చేయలేదు. అది ఎవరికీ చూపించుకునే వీల్లేకపోవడమే ఆయనకు పెద్ద శిక్ష.

మా పెద్దమ్మ విమలమ్మకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకూడదు. ఆయన తినే అన్నం పెండ్లి బట్టల మీద వచ్చేది. మా వైపు కలిగిన ఇండ్లలో పెండ్లయితే గుడ్డలు దుకాణానికి పంపరు, దర్జీనే మిషన్‌తో సహా ఇంటికి పిలిపించుకుంటారు. అరుగు మీద కూర్చుని ఐదారు రోజుల్లో ఇంటిల్లిపాదికీ కుట్టి వెళ్లాలి. పెండ్లి బట్ట కుట్టే చెయ్యి శుభ్రంగా ఉండాలని వాళ్ల పట్టింపు. మేం కిరస్తానీలమైనా మా పాత కులాన్ని వాళ్లు మరిచింది లేదు కనుక అసలే మమ్మల్ని గడప దాటనివ్వరు. ఇక మూత్రం సంచి ఒంటికి కట్టుకున్నవాడు పెండ్లికూతురి రవిక కుట్టాడని తెలిస్తే ఊరుకుంటారా? ఒక్క ఇంట్లో తెలిస్తే చాలు, చేవెళ్ల తాలూకా అంతా ఆయన మిషన్‌కు తాళం వేసినట్టే.

అరవై తొమ్మిది మే నెలలో ఆలూరు పెద్ద పటేల్ పాండురెడ్డి ఇంటి నుంచి బండి వచ్చింది. మనవరాలు ప్రమీల పెండ్లి. తెలంగాణ కావాలని ఊళ్లు ఉడికిపోతున్న రోజులవి. కాలేజీలు మూతపడ్డాయి, పట్నంలో కాల్పులు జరిగాయని రోజూ వార్త. బస్సులు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేదు. ఆ కారణంగానే పెద్దబాపు గొట్టం మార్పించుకోవడానికి పోలేకపోయాడు. ఐదో వారం నడుస్తోంది. మంట మొదలయింది. వద్దని పెద్దమ్మ మొత్తుకుంది. బందుల వల్ల దుకాణంలో రెండు నెలలుగా పని లేదు, దొరికిన ఒక్క పెండ్లి వదులుకోలేనని బండెక్కాడు.

పటేల్ ఇంట్లో పెత్తనమంతా పెద్ద పటేల్ భార్య శకుంతలమ్మది. అరుగు మీద మిషన్ పెట్టించి, గుడ్డల మూటలు ఒక్కొక్కటే లెక్కగా ఇచ్చేది. పెద్దబాపుకు కుట్టడం సమస్య కాదు, సంచి ఖాళీ చేయడం సమస్య. రోజుకు మూడు నాలుగుసార్లు మిషన్ దిగి గడ్డివాము వెనక్కి వెళ్లాలి. ఊరికే వెళితే అడుగుతారు. అందుకని చంకలో బైబిలు పెట్టుకుని వెళ్లేవాడు. రెండో రోజుకల్లా ఆ ఇంట్లో అందరూ పేతురు ఎంత భక్తిపరుడో అని చెప్పుకున్నారు. శకుంతలమ్మ తన కోడలితో, చూసి నేర్చుకో, దేవుడెవరైతేనేం, పనిలో ఉండి కూడా మరవడంలేదు అందట. ఈ ముక్క చెప్పినప్పుడు పెద్దబాపు నవ్వేవాడు కాదు. ఆ పాపానికి దేవుణ్ణి విడిగా క్షమాపణ అడిగానని అనేవాడు.

ఆ ఇంటి చిన్నకొడుకు ప్రభాకర్ పట్నంలో లా చదువుతున్నాడు. ఉద్యమంలో తిరిగే కుర్రవాళ్లకు నాయకుడు. పోలీసులు వెతుకుతుంటే ఇంట్లో పడుకోకుండా బావి దగ్గరి కొట్టంలో పడుకునేవాడు. రెండో రోజు తెల్లవారేసరికి పోలీసు జీపు ఇంటికి రాలేదు, నేరుగా బావి దగ్గరికి పోయింది. ప్రభాకర్ చెరకు తోటలోకి దూకి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. జీపు తిరిగి వెళ్లాక ఇంట్లో అందరి మొహాలూ మారిపోయాయి. ఎవరో లోపలివాళ్లే చెప్పారు. ఎవరు? జీతగాళ్లు, పాలు పిండేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలుపెట్టారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దబాపు మిషన్ తొక్కుతూ మాటిమాటికీ తన మోకాలు తడుముకున్నాడు. ఇప్పుడు గడ్డివాము వెనక్కి పోతే ఎవరైనా వెంట వచ్చి చూస్తారేమో అని భయం పట్టుకుంది. నీళ్లు తాగడం తగ్గించాడు. దాంతో మంట ఇంకా పెరిగింది.

మూడో రోజు శకుంతలమ్మ ఒక పాత పైజామా తెచ్చి ఇచ్చింది.

"ఇది పెద్ద పటేల్‌ది. దీని ఆదితోని చుడీదార్ పైజామా కుట్టు. షేర్వాణీ కూడ కావాలె. ఎదురుకోళ్లకు ఆయన ఊరి పొలిమేర దాక నడవాలె గద."

"పెద్ద పటేల్ ఒంటి కొలత తీస్త అమ్మా. చుడీదార్ అంటే ఆది సరిపోదు" అన్నాడు పెద్దబాపు.

"ఆయనకు మోకాళ్ల నొప్పులు. బయటికి రాడు. ఆది ఇచ్చిన గద, కుట్టు" అని ఆమె లోపలికి పోయింది.

పెద్ద పటేల్ శివరాత్రి నుంచీ గది దాటలేదని పెద్దబాపు అప్పటికే విన్నాడు. షాబాద్ నుంచి రాబోయే పెండ్లికొడుకు తరఫువాళ్లు, పిల్ల తాత మంచంలో ఉన్నాడట, ముహూర్తానికి ఏమైనా అయితే మైల కదా అని గుసగుసలాడుతున్నారని కూడా విన్నాడు. అందుకే పెండ్లివారికి ఎదురెళ్లి తీసుకొచ్చే ఆ ఎదురుకోళ్లకు ముసలాయన షేర్వాణీ, చుడీదార్ వేసుకుని పదిమందిలో నిటారుగా నిలబడాలని ఆ ఇంటివాళ్ల పంతం.

పెద్దబాపు ఆది పైజామా తిరగేసి ఒళ్లో పరిచాడు. దర్జీ ఎవరైనా చేసే పనే. ఎడమ కాలి లోపల వరసగా ఐదారు తుప్పు మచ్చలు, పిన్నీసులు పెట్టిన చోట్లు. నాడాకు కింద బ్లేడుతో కోసిన చిన్న చీలిక, చుట్టూ గుడ్డ పీచు లేచింది. పిన్నీసుల దగ్గర ఎంత ఉతికినా పోని గోధుమరంగు మరక. తాను పైజామా కుట్టుకోకముందు, మొదటి వారంలో, తన పాత బట్టల మీద సరిగ్గా ఇవే గుర్తులు ఉండేవి. లోపలి గదిలో ఉన్నవి మోకాళ్ల నొప్పులు కావు.

ఆ ముసలాయనకూ గొట్టం ఉందని, ఎవరికీ చెప్పుకోలేక దాన్ని తన చేత్తో తానే పిన్నీసులతో బట్టకు గుచ్చుకుంటున్నాడని పెద్దబాపుకు అర్థమైంది. ఎప్పుడూ ఎదురుపడి మాట్లాడని మనిషి మీద అంత జాలి ఎందుకు కలిగిందో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి అని చెప్పేవాడు. చెప్పినట్టు చుడీదార్ బిగుతుగా కుట్టి ఇస్తే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. మొదటి గంట బరువు, రెండో గంట మంట, మూడో గంటకు నిలబడలేక పదిమందిలో కూలబడటం. కుట్టనంటే ఎందుకు కుట్టవని అడుగుతారు. ఉన్నమాట చెబితే నీకెట్లా తెలుసని అడుగుతారు. మింగలేడు, కక్కలేడు.

నోటితో చెప్పలేనిది సూదితో చెబుదామనుకున్నాడు. చుడీదార్‌ను మోకాలి నుంచి కిందికి మాత్రమే బిగుతుగా, ముడతలు పడేట్టు కుట్టాడు. మోకాలి పైన ఎంత కావాలంటే అంత వెడల్పు వదిలాడు. షేర్వాణీ మోకాలి దాకా కప్పేస్తుంది కనుక బయటివాళ్లకు తెలియదు. లోపల తన పైజామాలో ఉన్నట్టే జేబు, గొట్టానికి మెత్తటి పట్టీ, కుట్టులో కలిసిపోయేట్టు టిచ్ బటన్లు. తొడుక్కున్న క్షణంలో ముసలాయనకు అర్థమవుతుంది, ఆయన మాత్రం ఎవరికి చెబుతాడు? గుట్టు గుట్టుగానే ఉంటుంది. ఆ పని చేస్తున్నంతసేపూ తన సంగతి మరిచిపోయాడట.

ముప్పై ఏళ్లుగా కుడుతున్న దర్జీ ఇంకొకటి కూడా మరిచిపోయాడు. పెండ్లి ఇంట్లో కొత్త బట్ట లోపలికి పోయే ముందు ఆడవాళ్లు దాన్ని తిరగేసి చూస్తారు. సూది మిగిలిపోతే అపశకునమని కుట్టు కుట్టునూ వేళ్లతో తడిమి చూడటం రివాజు. మామూలుగా ఆయనే తిరగేసి ఇచ్చేవాడు. ఆ రోజు మాత్రం మడతపెట్టి ఇచ్చేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం శకుంతలమ్మ ఆ చుడీదార్‌ను తలకిందులుగా పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. వెనకాల ప్రభాకర్, అతని స్నేహితుడు ఎల్లేశ్. పగటిపూట పోలీసులు రారని ప్రభాకర్ అన్నం తినడానికి ఇంటికి వచ్చాడు.

"ఈ జేబేంది పేతురూ?"

పెద్దబాపు లేచి నిలబడ్డాడు. "పెద్ద పటేల్‌కు సుకంగ ఉంటదని పెట్టిన అమ్మా."

"దేనికి సుకం? ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నాడు ప్రభాకర్.

"ఎవలు చెప్పలే పటేలా. ఆది చూసి తెలుసుకున్న."

"ఆది చూస్తే రోగం తెలుస్తదా? మూడు నెలల సంది ఇంట్ల ఉన్నోళ్లకే పెద్దన్నకు, అమ్మకు, నాకు తప్ప ఎవలకు తెల్వదు. ఈ జేబు, ఈ బటన్లు, ఇట్ల కుట్టాల్నని నీకు ఎవలు నేర్పిండ్రు?"

దీనికి జవాబు ఒక్కటే ఉంది. ఆ జవాబు పెద్దబాపు ఎడమ తొడ మీద వెచ్చగా బరువుగా ఉంది.

శకుంతలమ్మకు ఇంకొక జవాబు తోచింది. "ఆయన బట్టలు ఉతికేది ఒక్క బీరమ్మనే" అంది. "ఇంటిగుట్టు లంకకు చేటని ఊకె అనలే. దర్జీకి చెప్పిన నోరు పోలీసోళ్లకు చెప్పదా?"

బీరమ్మ ఆ ఇంట్లో బట్టలు ఉతికి గిన్నెలు తోమే మనిషి. నలభై ఏళ్లుంటాయి, భర్త లేడు, ఒక కూతురు. ఎల్లేశ్ వెళ్లి ఆమెను తడిచేతులతోనే పిలుచుకొచ్చాడు. వాకిట్లో ఎండలో నిలబెట్టారు. పెద్దబాపు మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. తొక్కలేదు, ప్రమీల రవిక ఒకటి తీసుకుని చేత్తో అంచు కుట్టడం మొదలుపెట్టాడు.

"పెద్ద పటేల్ సంగతి పేతురుకు ఎందుకు చెప్పినవ్?" అని శకుంతలమ్మ అడిగింది.

"నేను చెప్పలే అమ్మా."

"మరి ఎట్ల తెలిసింది?"

బీరమ్మ ఒకసారి అరుగు వైపు చూసింది. "నాకు తెల్వదమ్మా. నా నోట్లకెల్లి ఒక్క మాట బయటికి పోలే. నా బిడ్డ మీద ఒట్టు."

"నేను బాయికాడ పండుకుంట అని ఎవలకు చెప్పినవ్?" అన్నాడు ప్రభాకర్.

"నాకెందుకు పటేలా ఆ ముచ్చట. నా పని నాది."

అడిగిందే అడిగారు. ఆమె చెప్పిందే చెప్పింది. పెద్దబాపు అంచు కుట్టుకుంటూ పోయాడు. తాను లేచి నిజం చెబితే ఈ ఇల్లు పోతుంది, ఈ ఇంటితో పాటు అన్ని ఇండ్లూ పోతాయి, విమలమ్మ ఏం తింటుంది, పిల్లలు ఏం తింటారు అని లెక్క వేసుకున్నాడు. చెప్పకపోతే బీరమ్మ పని పోతుంది, అంతే కదా, ఆమెకు ఇంకో ఇల్లు దొరుకుతుంది అనుకున్నాడు. మెడపట్టీ అంచు పూర్తయింది. ఒక చేతి అంచు పూర్తయింది. రెండో చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు ఎల్లేశ్ వంటింటి వెనక్కి పోయి పెంకులో బొగ్గు నూరి, నూనె కలిపి తెచ్చాడు. పోలీసులకు చెప్పాడనే అనుమానంతో మొన్ననే చేవెళ్లలో ఒకతని మొహానికి నల్లరంగు పూసి రోడ్డు మీద తిప్పారు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"ఆడమనిషని ఆగుతున్నం" అన్నాడు ఎల్లేశ్. "ఇప్పుడన్న చెప్పు."

బీరమ్మ చీర కొంగుతో మొహం కప్పుకుంది. ఎల్లేశ్ ఆ కొంగు పట్టుకున్నాడు.

పెద్దబాపు రవిక పక్కన పెట్టి అరుగు దిగాడు. "ఆమెను వదులుండ్రి పటేలా."

"నువ్వు కూసో పేతురూ. నీ సంగతి తర్వాత" అన్నాడు ప్రభాకర్.

"ఎవలు నేర్పిండ్రని అడిగితిరి గద. చెప్త." వంగి, ఎడమ కాలు అరుగు మెట్టు మీద పెట్టి, మోకాలి దగ్గర టిచ్ బటన్లు ఒకటొకటే తీశాడు. నాలుగు చప్పుళ్లు. కుట్టు తెరుచుకుంది. గుడ్డ తొడుగులో సంచి, దానిలోకి వచ్చే ఎర్ర రబ్బరు గొట్టం, నిండు మధ్యాహ్నపు వెలుతురులో వాళ్లందరికీ కనబడ్డాయి.

"ఎవలు నేర్పలే. నా ఒంటికి నేనే కుట్టుకున్న. ఎనిమిది నెలలైతున్నది. అందుకే పెద్ద పటేల్ పైజామా చూసి పోల్చిన. ఆమె నాతోని ఒక్క మాట మాట్లాడలే. యేసు సాక్షి."

ఎల్లేశ్ కొంగు వదిలేశాడు. శకుంతలమ్మ మొహం తిప్పుకుంది. తర్వాత ఆమె చూపు మెల్లగా అరుగు మీదికి పోయింది, మిషన్ పక్కన మడతపెట్టి ఉన్న పెండ్లికూతురి రవికల మీదికి.

"ఆ చేతులతోని ఇవన్ని ముట్టినవా?" అంది.

పెద్దబాపు బటన్లు పెట్టుకోవడానికి వంగాడు.

లోపలి నుంచి ఒక ముసలి గొంతు పిలిచింది. "పేతురును లోపటికి రమ్మను."

"వాకిట్లకు చెప్పు ఏమన్న ఉంటే" అని శకుంతలమ్మ లోపలికి చూస్తూ అంది. "గడప దాటి ఎట్ల వస్తడు?"

"నేను బయటికి రాలేను గద. అందుకే అతన్ని రమ్మంటున్న. ఆ పైజామా పట్టుకొని రమ్మను."

ఆ ఇంటి గడప మా వాళ్లెవరూ అంతవరకు దాటలేదు. పెద్దబాపు దాటాడు. గది కిటికీలు మూసి ఉన్నాయి, వాసన కొడుతోంది. పెద్ద పటేల్ మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు, తొడ మీద పిన్నీసుల గాట్లు పచ్చిగా ఉన్నాయి. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. పెద్దబాపు సంచి ఎక్కడ ఉండాలో, గొట్టం ఎంత వదులు ఉండాలో, కూర్చునేటప్పుడు ఏ కాలు ముందు మడవాలో చూపించాడు. చుడీదార్ తొడిగాడు. పెద్ద పటేల్ గోడ పట్టుకుని లేచి, గోడ వదిలి, గదిలో నాలుగు అడుగులు వేశాడు. తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"నొప్పి లేదు పేతురూ" అన్నాడు. అని మంచం మీద కూర్చుని ఏడ్చాడు.

మరునాడు పెద్ద పటేల్ గొట్టం మార్చడానికి చేవెళ్ల నుంచి కంపౌండరు రహస్యంగా వచ్చాడు. పటేల్ మాట మీద పెద్దబాపుది కూడా మార్చాడు. ఇన్ని రోజుల మంట ఆ సాయంత్రానికి చల్లారింది. అయితే పటేల్ మాట గది దాటి వాకిట్లోకి చెల్లలేదు. శకుంతలమ్మ ప్రమీల రవికలన్నీ పసుపునీళ్లలో ముంచి ఆరేసి, చేవెళ్ల నుంచి వేరే దర్జీని పిలిపించింది. అతను అరుగు మీద కూర్చుని పెద్దబాపు కుట్టిన ప్రతి కుట్టునూ బ్లేడుతో విప్పాడు. అదే గుడ్డ, అదే కొలత, అతనూ దాని మీదే మళ్లీ కుట్టాడు. పెద్దబాపు పశువుల కొట్టం దగ్గర కూర్చుని రెండు రోజులు అది చూశాడు. పెద్ద పటేల్ బట్టలు సరిచూసేవాళ్లు కావాలి కనుక ఎదురుకోళ్లు అయ్యేదాకా ఆయన్ని పంపలేదు.

ఎదురుకోళ్ల నాడు పెద్ద పటేల్ నల్ల షేర్వాణీలో పొలిమేర దాకా నడిచాడు. మే నెల ఎండలో గంటసేపు నిలబడి షాబాద్ వాళ్లను కౌగిలించుకుని, గంధం పూసి, వెంటబెట్టుకుని వచ్చాడు. మంచంలో ఉన్నాడన్న మనిషి ఈయనేనా అని వాళ్లు ఆశ్చర్యపోయారు. పోలీసులకు చెప్పింది ఎవరో కూడా ఆ నాడే తెలిసింది. ప్రభాకర్ స్నేహితుల్లోనే ఒకడు చేవెళ్ల చాయ్ హోటల్లో కూర్చుని, మావాడు బావి దగ్గర పడుకుంటే ఎవడు పట్టుకుంటాడని గొప్పలు చెప్పుకున్నాడట. ప్రభాకర్ ఆ మాట విని ఊరుకున్నాడు. బీరమ్మకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె ఎంగిలి గిన్నెల దగ్గర కూర్చుని తోముతూనే ఉంది.

బండి మీద మిషన్ ఎక్కించి బయలుదేరుతుంటే పెద్దబాపు ఆమె దగ్గరికి వెళ్లాడు.

"చెల్లే, నాతోని నీకు కష్టమొచ్చింది. ఏమనుకోకు" అన్నాడు.

"నువ్వేం జేసినవన్న. నీ పాటికి నువ్వు కుట్టినవ్."

"నా సంగతి ముందే చెప్పి ఉంటే నిన్ను నిలవెట్టకపోదురు. నీకు తెల్వకపాయె, నువ్వేమని చెప్తవ్."

బీరమ్మ గిన్నె కిందపెట్టింది. "తెల్వకేం. నువ్వొచ్చిన మొదటి దినమే తెలిసింది. బాయి గట్టు మీద పైజామా ఆరేసుకుంటివి గద. లోపటి జేబు చూసిన. పెద్ద పటేల్ బట్టలు మూడు నెలల సంది ఉతుకుతున్న, ఆ వాసన నాకు తెల్వదా?"

పెద్దబాపు "వాళ్లు అట్ల అడుగుతుంటే ఒక్కమాట చెప్పకపోతివా?" అన్నాడు. "దర్జీకి కూడ ఉన్నది, అందుకే తెలిసింది అంటే అయిపోవు గద."

"నా పని పోతే ఇంకో ఇంట్ల ఉతుక్కుంట. నీ మిషన్ పోతే నువ్వేం జేస్తవన్న" అని ఆమె మళ్లీ గిన్నె తోముకుంది.

తర్వాత ఆయన మిషన్ పెండ్లి ఇండ్లకు పోలేదు. ఆపరేషన్ అయి గొట్టం పోయాక కూడా ఎవరూ పిలవలేదు. దుకాణంలో బడి పిల్లల నిక్కర్లు కుట్టాడు. మధ్యమధ్య షాబాద్ నుంచో, చేవెళ్ల నుంచో ఒక పెద్దమనిషి వెనక తలుపు దగ్గరికి వచ్చి, పాత పైజామా ఒకటి చుట్టి చేతిలో పెట్టి, ఆది అని మాత్రం అని నిలబడేవాడు. ఆయన ఇంకేమీ అడక్కుండా కుట్టి ఇచ్చేవాడు. ఆ పైజామాల గురించి నేను గొప్పగా మాట్లాడితే ఆయనకు నచ్చేది కాదు. చివరి రోజుల్లో ఒకసారి గట్టిగానే కోప్పడ్డాడు.

"గొప్పేంది బిడ్డా. ఆమె నన్ను కాపాడుకుంట ఎండల నిలవడ్డది. నేను నీడల కూసోని ఒక రవిక మెడ, ఒక చెయ్యి అంచు కుట్టిన. రెండో చెయ్యి కూడ సగమైంది."